పార పట్టినవాడూ సిపాయే: మా ఇంటి పటాలాల కథ

ఉత్తరాదిలో ఒకప్పుడు సిపాయికి ఇంకో పేరు "తిలంగా". 1756–57లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకెళ్లిన దళాల్లో తెలుగు సిపాయిలు ఉండేవాళ్లు. ఎర్రకోటు వేసుకుని, తుపాకీ భుజాన పెట్టి, వరసలో నడిచే ఆ కొత్తరకం మనుషుల్ని చూసి అక్కడి జనం తిలంగాలు అన్నారు. తర్వాత కుంపిణీ సిపాయి ఏ ఊరివాడైనా తిలంగానే అయ్యాడు. 1857లో మీరట్ నుంచి ఢిల్లీకి వచ్చిపడిన సిపాయిలు ఎక్కువమంది అవధ్, బీహారు వైపువాళ్లు. అయినా ఢిల్లీవాళ్లు వాళ్లనీ తిలంగాలనే పిలిచారు.

పేరేమో దేశమంతా తిరిగింది. ఆ పేరు ఇచ్చిన మనిషి మాత్రం మెల్లగా పటాలంలోంచి జారిపోయాడు. ఎట్లా జారాడు, ఏ సందులోంచి మళ్లీ లోపలికి వచ్చాడు అన్నది మా ఇంటి కథ కూడా. మేము పలమనేరు వైపు నుంచి వచ్చి బెంగళూరు హలసూరులో నాలుగు తరాలుగా ఉన్నవాళ్లం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో కన్నడం. పటాలం గురించి మాట్లాడితే మాత్రం మూడూ కలిసి, మధ్యలో హిందీ కూడా దూరుతుంది.

దండు ఎట్లా వచ్చింది

1799లో శ్రీరంగపట్నం పడింది. అక్కడ పెట్టిన దళాలకు జ్వరాలు పట్టుకున్నాయి. నీళ్లూ గాలీ బాగున్న చోటు వెతుక్కుంటూ బెంగళూరు పేటకు తూర్పున, హలసూరు దగ్గర, 1809 నాటికి కంటోన్మెంటు పెట్టారు. మనవాళ్లు దాన్ని దండు అనేవాళ్లు. దండు అంటే సిపాయిలే కాదు. గుర్రాలకు గడ్డి కోసేవాడు, బూట్లు కుట్టేవాడు, దొరలకు రొట్టెలు కాల్చేవాడు, బట్టలు ఉతికేవాడు, గోడలు కట్టేవాడు అందరూ దండే. చిత్తూరు, ఆర్కాటు, కడప వైపుల నుంచి ఎన్నో కుటుంబాలు ఇట్లా పనుల వెంబడి వచ్చాయి.

1830ల నుంచి ఈ ఊళ్లో పాతుకున్న పటాలం మద్రాసు సాపర్లు. 1780లో రెండు కంపెనీల పయనీర్లుగా మొదలై, 1831లో మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ అయ్యి, ఇవాళ మద్రాసు ఇంజనీర్ గ్రూప్‌గా హలసూరు చెరువు గట్టునే ఉన్నారు. మా వీధిలో పిల్లలందరికీ ఆ చెరువు పక్క బూర శబ్దమే గడియారం.

సాపర్ అంటే ఎవరు? కోటకు సొరంగం తవ్వేవాడు, దారి వేసేవాడు, వంతెన కట్టేవాడు, మందుపాతర పెట్టేవాడు, శత్రువు పెట్టినదాన్ని తీసేవాడు. బేల్దారి, వడ్రంగి, కమ్మరి, సర్వే పనివాడు, కరెంటు పనివాడు ఇట్లా ఒక్కొక్కడికీ ఒక్కో పని ఉంటుంది. కానీ ముందు సిపాయి, తర్వాత పనివాడు. తుపాకీ పట్టడం అందరికీ రావాలి. వంతెన దగ్గర శత్రువు వస్తే పార పక్కన పెట్టి తుపాకీ తీయాల్సిందే.

తలుపు మూసుకున్న కాలం

19వ శతాబ్దం చివరికి ఇంగ్లీషు సేనాపతులకు ఒక సిద్ధాంతం తలకెక్కింది. పంజాబు, సరిహద్దు, నేపాలు వైపువాళ్లే యుద్ధానికి పుట్టిన జాతులనీ, దక్షిణాదివాళ్లు మెత్తబడిపోయారనీ. మద్రాసు పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేశారు, లేకపోతే మనుషుల్ని మార్చేశారు.

దీనికి ఒక్క ఉదాహరణ చాలు. 1761లో తిరుచిరాపల్లిలో కోస్తా సిపాయిలుగా మొదలైన ఒక దళం తర్వాత మద్రాసు పదాతి దళం అయ్యింది. 1903కల్లా దాని పేరు 67వ పంజాబీలు. వరసలో నిలబడ్డవాళ్లూ పంజాబు వాళ్లే. ఆ దళం వారసత్వం ఇవాళ పారాచూట్ రెజిమెంటు మొదటి బెటాలియన్‌ది. చరిత్ర వాళ్లదీ గొప్పదే, కాదనం. కానీ ఆ వంశవృక్షం వేరు మనవైపు నేలలో ఉందని మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1922లో మద్రాసు పదాతి దళాల్లో మిగిలినవాటిని ఒక్క రెజిమెంటు కిందికి తెచ్చారు. కొన్నేళ్లలోనే ఖర్చు తగ్గించాలని దాన్నీ ఎత్తేశారు. ఆ కాలంలో దక్షిణాది మనిషి తుపాకీ పట్టాలంటే మిగిలిన పెద్ద తలుపు సాపర్లదే. అక్కడ మాత్రం మనవాళ్లను ఎవరూ తీయలేకపోయారు. కారణం సులువు. ఒకడు వీరుడా కాదా అన్నది సిద్ధాంతంతో తేల్చవచ్చు. వంతెన నిలబడిందా లేదా అన్నది సిద్ధాంతంతో తేలదు.

మా పెద్దజేజినాయన 1930లలో ఆ తలుపులోంచే వెళ్లాడు. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న బేల్దారి పనే ఆయనకు సిఫారసు.

బావా బావమరదుల యుద్ధం

రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక మద్రాసు రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. మా జేజి తమ్ముడు అందులో చేరాడు. అంతకు ముందే మా జేజినాయన సరకులు, బండ్లు చూసే సర్వీసు కోరులో లారీ డ్రైవరు. అంటే ఒకే ఇంట్లో ముగ్గురు: అన్న సాపరు, తమ్ముడు డ్రైవరు, బావమరిది పదాతి సిపాయి. సోమేశ్వరుడి పల్లకీల పండగకు ముగ్గురూ సెలవు మీద కలిస్తే ఇల్లే యుద్ధభూమి.

మొదలుపెట్టేది ఎప్పుడూ బావమరిదే.

"ఏం బావా, యుద్ధమంతా అయ్యేతలికి నువ్వు కాల్చింది బీడీలేనంట గదా?"

"అవునప్పా. నీ తుపాకీలో తూటా మాత్రం చెట్టుకు కాసింది. నా లారీలో రాలేదు."

పెద్దజేజినాయన చుట్ట తీసి అనేవాడంట: "కొట్టుకోండి, కొట్టుకోండి. నేను వంతెన వేసేదాకా మీ ఇద్దురూ ఏటికి ఈ పక్కనే గదా ఉండేది."

బావా బావమరదుల సరసం మన ఇళ్లలో ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు పటాలాల పరిహాసం కొత్తగా చెప్పక్కర్లేదు. బయటివాడు ఒక్క మాట అంటే ఇద్దరూ కలిసి లేస్తారు. ఇంట్లో మాత్రం ఒకరినొకరు వదలరు. పదాతివాడు సాపర్‌ను "పార పటాలం" అంటాడు. సాపరు పదాతివాడిని "దారి చూపిస్తే నడుస్తాడు, లేకుంటే నిలబడతాడు" అంటాడు. ఇద్దరూ కలిసి సర్వీసు కోరువాడిని "ఉప్పూ పప్పూ" అంటారు. ఆ ఉప్పూ పప్పూ ఒక్కరోజు ఆలస్యమైతే ఇద్దరి వీరత్వమూ మధ్యాహ్నానికల్లా చల్లబడుతుంది.

ఆ ఉప్పూపప్పూవాళ్లను తక్కువ చేసేవాళ్లకు ఒక్కమాట. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపా నేల మీద ముందు దిగిన భారత దళం పదాతి కాదు, ఫిరంగి కాదు. 1939 డిసెంబరులో ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవులో దిగినవాళ్లు కంచరగాడిదలు తోలే సర్వీసు కోరువాళ్లు. ఎక్కువమంది పంజాబు ముస్లిములు. మంచులో మోటారు బండ్లు నడవని చోట పనికొస్తారని పిలిపించారు. 1940లో డంకర్క్ నుంచి తప్పించుకు వచ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

సాపర్లలో సాపర్లకు

పటాలానికీ పటాలానికీ మాత్రమే పోటీ అనుకుంటే పొరపాటు. సాపర్లలోనే మూడు ఇళ్లు. బెంగళూరులో మద్రాసువాళ్లు, రూర్కీలో బెంగాలువాళ్లు, పుణే దగ్గర కిర్కీలో బొంబాయివాళ్లు. ఎవరు పెద్ద అన్నదే మొదటి తగువు. మనవాళ్లు 1780 అంటారు. బెంగాలు గ్రూపు 1803. బొంబాయివాళ్లు 1820 నాటి పేరు పక్కన పెట్టి, 1777లో తమకు పయనీర్ లస్కర్లు ఉండేవాళ్లని పాత లెక్క బయటికి తీస్తారు. పెళ్లిలో ముందు ఎవరికి తాంబూలం అన్న పంచాయితీ లాంటిదే ఇది. ఎప్పటికీ తేలదు, తేలనక్కర్లేదు.

మనవాళ్ల పేరు తంబి. తమ్ముడు అన్న తమిళ మాటే. తెలుగువాడైనా, కన్నడంవాడైనా, మలయాళీ అయినా సాపర్లలో తంబే. పెద్దజేజినాయనకు అప్పటికే ఆరుగురు మనవళ్లు. అయినా పాత స్నేహితుడు వీధి చివర నుంచి "తంబీ" అంటే గబుక్కున లేచి నిలబడేవాడు.

రెండో తగువు వీరులది. బొంబాయివాళ్లు ముందు ప్రేమీంద్ర సింగ్ భగత్ పేరు చెబుతారు. 1941లో ఆఫ్రికాలో రోజుల తరబడి దారి మీద పాతరలు తీసుకుంటూ పోయి విక్టోరియా క్రాస్ పొందిన సెకండ్ లెఫ్టినెంటు. తర్వాత రామ రాఘోబా రాణే పేరు. 1948 ఏప్రిల్‌లో నౌషేరా నుంచి రాజౌరీకి ట్యాంకులు పోయే దారిని, తూటాల మధ్య, పాతరలు తీసి, అడ్డుగా పడిన చెట్లు పేల్చి తెరిచాడు. పరమవీర చక్రం బతికుండగా అందుకున్న మొదటివాడు. ఇక్కడ మనవాళ్లు ఊరుకోరు. "రాణే పుట్టింది కార్వార్ దగ్గర గదా, అది మా కర్ణాటకే" అంటారు. అయినా గ్రూపు బొంబాయిదే. వాదన నెగ్గదు.

అప్పుడు మనవాళ్లు సుబేదారు సుబ్రమణ్యన్ పేరు తీస్తారు. తమిళనాడు పల్లెటూరి మనిషి, మద్రాసు సాపరు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మిన్యానో దగ్గర పాతరలు వెతికే వరసను నడిపిస్తున్నాడు. ఒకడి కాలు పాతర మీద పడింది. పేలడానికి రెండు మూడు క్షణాలు ఉంది. సుబ్రమణ్యన్ దాని మీద పడుకున్నాడు. ఆయన పోయాడు, మిగతావాళ్లు బతికారు. జార్జ్ క్రాస్ పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి తగువు ఆగిపోయేదంట. బొంబాయివాడైనా, బెంగాలువాడైనా తల వంచే పేరు అది.

ఇంకో సంగతి పిల్లలకు చెప్పాలి. ప్రపంచంలో ఏ దేశపు సైన్యంలోనైనా ముళ్లకంచె పేల్చే గొట్టాన్ని "బెంగళూరు టార్పెడో" అంటే అర్థమవుతుంది. 1912లో ఇక్కడి మద్రాసు సాపర్లలో ఉన్న కెప్టెన్ మెక్లింటాక్ దాన్ని చేశాడు. మందు కూరిన పొడవాటి గొట్టాలు ఒకదానికొకటి తగిలించి, మనిషి చాటున ఉండి కంచె కిందికి తోసి పేల్చేది. 1944లో నార్మండీ ఒడ్డున అమెరికావాళ్లు వాడింది ఇదే. మన ఊరి పేరు ఇట్లా సముద్రాలు దాటిందని పెద్దజేజినాయనకు ఎంత గర్వమో.

ఫిరంగి దళంతో తగువు మాటల మీద. ఇంగ్లండులో ఫిరంగివాళ్లకూ ఇంజనీర్లకూ "అంతటా" అనే అర్థమొచ్చే ఒకే లాటిన్ మాట నినాదం. మన దేశంలో ఇంజనీర్లకు "సర్వత్ర" మిగిలింది. ఫిరంగివాళ్లు "సర్వత్ర ఇజ్జత్-ఓ-ఇక్బాల్" అని పెట్టుకున్నారు. "మేము అంతటా ఉంటాం. వాళ్ల గుండ్లు అంతటా పడతాయి, పడాల్సిన చోట తప్ప" అని సాపర్ల పరిహాసం. ఈ ఒక్క వేళాకోళం ఇంగ్లీషువాళ్ల నుంచి మనవాళ్లకు అచ్చంగా దిగింది.

మబ్బులు, బంతి

1960లలో మా చిన్నాయన ఎయిర్ ఫోర్సుకు పోయి జాలహళ్లిలో రేడియో పని నేర్చుకున్నాడు. ఇంట్లో పాత కాపులందరికీ కొత్త మేత దొరికింది. "ఎన్ని విమానాలు నడిపినావురా?" అని అడగడం, వాడు తల వంచుకోవడం. నిజమేమంటే ఎయిర్ ఫోర్సులో ఎగిరేవాళ్లు కొద్దిమంది. ఇంజను చూసేవాడు, రేడియో చూసేవాడు, వాతావరణం లెక్క కట్టేవాడు, రన్‌వే ఊడ్పించేవాడు, వండేవాడు వీళ్లంతా నేల మీదే. చిన్నాయన ఒకరోజు మెల్లగా తిప్పికొట్టాడు. "మీ పటాలంలో దొర వెనకుండి సిపాయిని ముందుకు తోలతాడు. మా దాంట్లో దొరనే ముందుకు పంపించి మేము కింద నిలబడి చూస్తాం. ఏది మేలు?" జేజి తమ్ముడు నవ్వి, ఆ పూటకు వదిలేశాడంట. పదాతి దళంలో కూడా అఫీసరు ముందుంటాడని ఆయనకు తెలుసు. మాట బాగుందని ఊరుకున్నాడు.

దీనికి బదులు ఆయన బంతితో తీర్చుకునేవాడు. 1955 డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్లో వెల్లింగ్టన్ నుంచి వచ్చిన మద్రాసు రెజిమెంటల్ సెంటరు ఎయిర్ ఫోర్సును ఓడించింది. 1958లో మళ్లీ కప్పు వాళ్లదే. ఆ సెంటరు గోలీ పీటర్ తంగరాజ్. పుట్టింది హైదరాబాదులో, బంతి నేర్చింది సికింద్రాబాదు క్లబ్బుల్లో, 1953లో సైన్యంలో చేరి పెద్దవాడయ్యాడు. 1956, 1960 ఒలింపిక్సులో దేశానికి ఆడాడు. చిన్నాయన సెలవులో ఇంటికొచ్చినప్పుడల్లా జేజి తమ్ముడు "1955" అని ఒక్క అంకె చెప్పి కాఫీ తాగేవాడు.

ఆటకు పటాలం ఏం చేసిందో చెప్పడానికి ఇంకో పేరు మిల్ఖా సింగ్. ఆయన పరుగు మొదలైంది సికింద్రాబాదులోని ఈఎమ్ఈ సెంటరులో. బండ్లూ యంత్రాలూ బాగుచేసేవాళ్ల కోరు అది. కొత్తగా చేరినవాళ్ల పరుగు పందెంలో ఆయన్ను గుర్తించారు. మరమ్మతువాళ్ల కోరు దేశానికి ఇచ్చిన పరుగువీరుడు అంటే, ఏ కోరువాడూ ఇంకో కోరును తక్కువ చేయడానికి లేదు.

కంచు పతకం

ఇంతవరకూ మా ఇంట్లో అందరూ చెప్పే కథ. ముగ్గురు, తర్వాత నాలుగోవాడు. అయితే ఈ నలుగురికీ ముందు ఒకాయన ఉన్నాడు. జేజి వాళ్ల నాయన. దండులో లాంగ్రీ, అంటే పటాలం వంటవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడెక్కి బస్రాకు పోయాడు. ఎండలో, ఈగల మధ్య, వందల మందికి రొట్టెలు కాల్చాడు.

కాగితాల్లో ఆయన సిపాయి కాడు. "ఫాలోయరు". పటాలం వెంబడి నడిచేవాడు అని. వంటవాడు, నీళ్లు మోసేవాడు, ఉతికేవాడు, ఊడ్చేవాడు, గుర్రాల గడ్డివాడు అందరిదీ అదే గది. జీతం తక్కువ, పెన్షను తక్కువ. జబ్బు మాత్రం అందరితో సమానం. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వార్ మెడల్ ఇచ్చారు. సిపాయికి వెండిది. ఫాలోయరుకూ, కూలి దళాలవాళ్లకూ అదే బొమ్మ, అదే రాజు తల, కంచులో.

జేజి పెట్టెలో ఉన్నది కంచుదే. అంచు మీద ఆయన పేరు, పని చెక్కి ఉన్నాయి. సరసాలు జోరుగా ఉన్న పూట ఎవరన్నా "లాంగ్రీ" అన్న మాట వాడితే జేజి తమ్ముడు నవ్వేవాడు కాదంట. బావను బీడీలని ఎంత ఆటపట్టించినా, వంటింటి మీద ఒక్క మాటా ఆయన నోటి నుంచి వచ్చింది లేదు. పదాతి దళంలో తుపాకీ పట్టిన మనిషికి, తన నాయన చేతిలో గరిటె ఉండేదన్న సంగతి ఎక్కడో గుచ్చుకునేది. "మా నాయనా పటాలమే" అని ఆపేసేవాడు. ఏ పటాలం అని అడిగితే లేచి వెళ్లిపోయేవాడు.

అందరూ ఆటపట్టించుకునే లోకంలో ఆటపట్టించడానికి కూడా లెక్కలోకి రానివాడు ఉంటాడని మాకు ఈ కథ వల్ల తెలిసింది. సాపర్‌ను పదాతివాడు పార పటాలం అన్నాడంటే, నువ్వూ మా వరసలోవాడివే అని ఒప్పుకున్నట్టే. లాంగ్రీని ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ ఆయన బావ కాడు, తమ్ముడు కాడు. ఒక జాతిని మొత్తంగా వరసలోంచి తీసేసిన సిద్ధాంతమూ, ఒక పనిని మొత్తంగా వరసలోంచి తీసేసిన రిజిస్టరూ ఒకే చేతి రాత. మొదటిది మనవాళ్లకు జరిగింది కాబట్టి నొప్పి తెలుసు. రెండోది మన ఇళ్లలో మనమే చేయకుండా చూసుకోవాలి.

మీ పెట్టెలు కూడా తెరవండి

ఒడిశాలో బరంపురం, మహారాష్ట్రలో షోలాపూరు, పుణే, తమిళనాడులో మద్రాసు, వెల్లూరు, ఇటు యానాం దాకా దండు వెంబడి, పని వెంబడి వెళ్లిన తెలుగు ఇళ్లు ఎన్నో. మీ ఇంట్లో పాత డిశ్చార్జి పుస్తకం ఉంటే పటాలం పేరు దగ్గరే ఆగిపోకండి. అందులో పని అని ఒక గడి ఉంటుంది. బేల్దారి, కమ్మరి, డ్రైవరు, గుమాస్తా, కుక్కు ఏది రాసి ఉందో చూడండి. పతకం ఉంటే అంచు మీద భూతద్దం పెట్టండి. తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. అది వెండో కంచో కూడా రాసి పెట్టుకోండి.

మా ఇంటి పట్టిక మేము ఈ ఉగాదికి కొత్తగా రాశాం. హోదా ప్రకారం కాదు, చేరిన ఏడు ప్రకారం. అట్లా రాసేసరికి వరస దానంతట అదే కుదిరింది. ఒకటి, లాంగ్రీ, బస్రా. రెండు, సాపరు, బేల్దారి. మూడు, సర్వీసు కోరు, లారీ డ్రైవరు. నాలుగు, మద్రాసు రెజిమెంటు, సిపాయి. ఐదు, ఎయిర్ ఫోర్సు, రేడియో.